బొమ్మని వెనక్కి తిప్పి చూసే మాస్టారు

మా డ్రాయింగు మాస్టారు పోయారన్న కబురు నాకు మంగళవారం మూడో పీరియడులో తెలిసింది. టైంటేబులు ప్రకారం అది ఏడో తరగతికి డ్రాయింగు పీరియడు. నేను బోర్డు మీద భిన్నాలు చెబుతున్నాను. బల్ల మీద ఫోను రెండుసార్లు వణికి ఆగిపోయింది. మూడోసారి తీసేను. నాతో బి.ఎడ్. చదివిన స్నేహితురాలు. "మాస్టారు పొద్దున్నే పోయారు. గుండె నొప్పంట. నాలుగింటికి తీసుకెళ్తారంట," అంది. సరే అని ఫోను పెట్టేసి, సగంలో ఉన్న లెక్క పూర్తి చేసేను. జవాబు తప్పొచ్చింది. వెనక బెంచీలో పిల్ల లేచి చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆయన పేరున్న చిత్రకారుడు కాదు. చదివే మీలో ఆయన ఎవరికీ తెలిసి ఉండరు. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నానే గాని కుదురుగా కూర్చోలేకపోతున్నాను. రెండు వాక్యాలు రాసి లేస్తున్నాను. వరండాలోకి వెళ్ళి వస్తున్నాను. మంచివారి గురించి రాయడం తేలికే. మనం అబద్ధమాడిన మంచివారి గురించి రాయడం తేలిక కాదు.

తాటిపాక దాటేక, రాజోలు వెళ్ళే దారిలో ఒక హైస్కూలు. బి.ఎడ్.లో ఉండగా టీచింగు ప్రాక్టీసుకి మమ్మల్ని ఆరుగురిని అక్కడికి పంపించేరు. స్టాఫు రూములో మమ్మల్ని 'ట్రైనింగు అమ్మాయిలు' అనేవారు. పిల్లలకి మేము ట్రైనింగు మేడాలం. మొదటి రోజు స్టాఫు రూము గుమ్మం దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడితే, కళ్ళజోడు కాడకి దారం కట్టుకున్న ఒక పెద్దాయన లేచి, "రండి టీచరు గారూ, కూర్చోండి," అన్నారు. ఆయనే డ్రాయింగు మాస్టారు. మాది ఐ.పోలవరం దగ్గర. మా నాన్న పడవ మీద వేటకి వెళ్ళేవాడు, అమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేసేది. మా ఇంట్లో ఎవరికీ అంతవరకు ఎవరూ 'గారు' తగిలించలేదు. ఎవరిని పిలిచేరో అని నేను వెనక్కి తిరిగి చూసేను.

డ్రాయింగు పీరియడంటే మన బళ్ళలో ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. సిలబసు అవ్వని వాళ్ళందరిదీను. "మాస్టారూ, ఇవాళ మీ పీరియడు తీసుకుంటానండి," అని లెక్కల మాస్టారు అడిగితే ఈయన, "ఆయ్, తీసుకోండి," అనేవారు. కాని స్టాఫు రూముకి వెళ్ళేవారు కాదు. ఆ తరగతి బయట వరండాలో, గంట కొట్టేదాకా నిలబడి ఉండేవారు. ఒకసారి నేనే అడిగేను, "లోపల కుర్చీ ఉంది కదండీ, ఎందుకండీ నిలబడతారు?" అని.

"పాఠం వారిదండి టీచరు గారూ. పీరియడు మటుకు నాది. నేను డ్యూటీలో ఉన్నాను," అన్నారు.

నవ్వు ఆపుకున్నాను. ఆయన నవ్వలేదు.

తన పీరియడు తనకి దక్కిన రోజున ఆయన చేసే పని చూస్తే నాకు కంగారుగా ఉండేది. బోర్డు మీద ఏమీ వేసేవారు కాదు. "పొద్దున్న బడికొస్తా ఏం చూసేరర్రా?" అని అడిగి ఊరుకునేవారు. ఎవరూ మాట్లాడరు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. మాకు కాలేజీలో పిల్లల్ని ఎలా ప్రేరేపించాలో పది పద్ధతులు నేర్పేరు. అందులో ఊరుకోవడం అనే పద్ధతి లేదు. నేను ఉండబట్టలేక "పోనీ కాలవ వెయ్యండర్రా" అనబోతే చెయ్యెత్తి ఆపేసేవారు. ఎక్కడో ఒక పిల్ల పెన్సిలు తీసేది. తర్వాత పక్క పిల్ల.

"మీరొకటి వేసి చూపిస్తే తొందరగా మొదలెడతారు కదండీ?"

"నేనో కొబ్బరిచెట్టు వేసేననుకోండి, నలభై మందీ నా చెట్టే వేస్తారు. కోనసీమలో పుట్టినోళ్ళకి నా చెట్టెందుకండీ? గుమ్మం తీస్తే చెట్టే."

పిల్లలు బొమ్మ తెచ్చి ఇస్తే ముందు వెనక్కి తిప్పేవారు. ఖాళీగా ఉన్న వైపు బొటనవేలితో మెల్లగా తడిమేవారు. గట్టిగా ఒత్తి గీసిన చోట కాగితం వెనక ఉబ్బుతుంది కదా, అది చూసుకునేవారు. అప్పుడుగాని ముందు వైపు చూసేవారు కాదు. "ముందర వైపు మన కోసం వేస్తారండి. ఎక్కడ ఒత్తేరో మటుకు వాళ్ళకే తెలీదు," అనేవారు. నేను ఆ మాట నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకోవడం నాకు బాగా వచ్చేది.

ఇప్పుడు అసలు సంగతి.

మాకు కళా విద్య రికార్డు అని ఒకటుండేది. పిల్లలు వేసిన ఇరవై బొమ్మలు అతికించాలి. ఒక్కోదాని కింద పిల్ల పేరు, తరగతి, మా పరిశీలన. చివర గైడు టీచరుగా మాస్టారి సంతకం. ఆ ఏడు వానలకి బడి మూసేసిన రోజులు పోను, పరీక్షలు పోను, లెక్కల మాస్టారు తీసుకున్న పీరియడులు పోను, నా దగ్గర మూడు బొమ్మలున్నాయి. రికార్డు సోమవారం ఆయనకి చూపించాలి. ఆదివారం అమలాపురం హాస్టల్లో కూర్చుని మిగతా పదిహేడూ నేనే వేసేను, ఎడం చేత్తో. మబ్బులకి కళ్ళు పెట్టేను. కోడిపిల్లని గేదె కంటే పెద్దది చేసేను. పక్క గది అమ్మాయిలొచ్చి చూసి, "అచ్చం పిల్లల్లాగే ఉన్నాయే," అన్నారు. దాచడమెందుకు, గర్వంగా కూడా అనిపించింది.

ఆఖరి దానికి ఏమీ తోచలేదు. మా అమ్మని వేసేను. షెడ్డులో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. చేతులు ఐసు నీళ్ళలో నాని, ఉబ్బి, షెడ్డు కంటే పెద్దవి. హాజరు పట్టీ ముందు పెట్టుకుని బొమ్మల కింద వరసగా పేర్లు రాసుకుంటూ వస్తే, ఆ బొమ్మకి ఏడో తరగతి దుర్గ పేరు వచ్చింది. కింద రాసేను: 'ఈ బాలిక తనకు ముఖ్యమైనదానిని పెద్దదిగా చిత్రించినది. భావ వ్యక్తీకరణ బాగున్నది.'

సోమవారం మాస్టారు రికార్డు తిప్పుతూ తిప్పుతూ ఆ బొమ్మ దగ్గర ఆగిపోయారు. కాగితం అంచు పైకి లేపి వెనక తడిమేరు. చాలాసేపు తడిమేరు.

"దుర్గ వేసిందా ఇది?"

"ఆయ్, అవునండి," అన్నాను.

మిగతావి చూడలేదు. రికార్డు అలాగే పట్టుకుని ఏడో తరగతిలోకి వెళ్ళిపోయారు. నేను వెనకాల పరిగెత్తినట్టు నడిచేను. ఆయన దుర్గని లేపి, ఆ బొమ్మ అందరికీ చూపించి, "మస్కట్‌లో ఉన్న అమ్మని చూసి నాలుగేళ్ళయింది ఈ పిల్ల. చేతులు ఎలా గుర్తుపెట్టుకుందో చూడండర్రా," అన్నారు. దుర్గ వాళ్ళమ్మ మస్కట్‌లో ఇంటిపని చేస్తోందన్న సంగతి నాకప్పటిదాకా తెలియదు. నేను ఆ తరగతికి రెండు నెలల్నుంచి పాఠం చెబుతున్నాను.

దుర్గ ఆ బొమ్మ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యేక, కొళాయి దగ్గర కంచం కడుక్కుంటూ అడిగింది, "ట్రైనింగు మేడం గారండీ, అది నేను వెయ్యలేదు కదండీ?"

నేను అటూ ఇటూ చూసేను.

"మాయమ్మ చేతులు నాకు గుర్తు లేవండి. మాస్టారు మళ్ళీ అడిగితే ఏం చెప్పాలండి?"

నామీద కోపంగా అడిగిందనుకుంటే నాకు బాగుండేది. తప్పు తనదే అన్నట్టు అడిగింది. అమ్మ చేతులు గుర్తులేకపోవడం తన తప్పన్నట్టు.

సాయంత్రం ఆఖరి గంట అయ్యేక, ఆటసామాను గదిలో ఓ మూల ఉన్న ఆయన బల్ల దగ్గరికి వెళ్ళేను. "అది నేను వేసేనండి. పదిహేడూ నేనే వేసేనండి," అన్నాను. మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేరు. బయట పిల్లలు సైకిళ్ళు తీసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. తిడతారేమో, తిడితే బాగుండునని చూస్తున్నాను.

"ఆ చేతులెవరివి?" అన్నారు.

"మా అమ్మవండి."

"మరి కింద నీ పేరెందుకు రాయలేదమ్మా?"

రికార్డులో పిల్లల బొమ్మలే ఉండాలి కాబట్టి అనొచ్చు. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"నాకేం చెప్పక్కర్లేదు. ఆ పిల్లకేం చెప్తావు?" అని లేచి, నేను బయటికి రాగానే గది తలుపు వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్న నాతో పాటు తరగతికి వచ్చేరు. ముందు ఆయనే మాట్లాడేరు. "నిన్న మీ అందరి ముందరా ఓ మాటన్నాను. తెలుసుకోకుండా అన్నాను. దుర్గా, తప్పు నాదమ్మా," అని పక్కకి జరిగి నాకు చోటిచ్చేరు. నేను చెప్పేను. ఎలా చెప్పేనో గుర్తులేదు. ముందు బెంచీలో ఒకడు ఆశ్చర్యంగా, "ఎడం చేత్తోనాండీ?" అన్నాడు. తరగతంతా నవ్వేరు. దుర్గ నవ్వలేదు. కూర్చోమంటే కూర్చుంది.

ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల నా వైపు చూడలేదు. మాస్టారు ఆ పిల్లని ఏమీ అడగలేదు. మరుసటి వారం డ్రాయింగు పీరియడులో తనే ఒక కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కాగితం నిండా ఇంటి పైకప్పు. మూడు రెక్కల ఫ్యాను, ట్యూబులైటు. అడుగున, అంచుకి ఆనుకుని, ఒక నుదురు, పాపిట సగం, ఒక కనుబొమ్మ. అంతే.

సగమే వేసిందేమని నేను అడగబోయేను. దుర్గే చెప్పింది, "అమ్మ వంట చేసుకుంటా ఫోను గట్టు మీద పెడుద్దండి. వీడియో కాల్లో నాకిలాగే కనబడుద్దండి."

మాస్టారు వెనక్కి తిప్పేరు. తడిమేరు. మళ్ళీ ముందుకి తిప్పి చూసేరు. ఈసారి ఎవరికీ చూపించలేదు, బాగుందనీ అనలేదు. రెండు చేతులతో పట్టుకుని ఆ పిల్లకి తిరిగి ఇచ్చేరు, పెద్దవాళ్ళకి ఇచ్చినట్టు. దుర్గ ఒక్క క్షణం ఆలోచించి దాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. "కింద ఏమీ రాయకు," అన్నారు మాస్టారు నాతో.

పదిహేడూ చింపేసేను. నాలుగు బొమ్మలతో రికార్డు ఇచ్చేను. ఆయన నాలుగింటి కిందా సంతకం పెట్టేరు. కాలేజీలో మార్కులు ఎలా వచ్చి ఉంటాయో మీరు ఊహించుకోగలరు.

కళా విద్య అంటే ఏమిటో ఆ ఏడాది నేను పరీక్షలో నాలుగు పేజీలు రాసేను. ముఖ్యమైనదాన్ని పిల్లలు పెద్దదిగా వేస్తారన్నది అందులో ఒక పాయింటు. ముఖ్యమైనది ఒక్కోసారి కాగితం అంచున సగమే కనబడుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. అది చూడాలంటే ఆ పిల్ల ఎవరో తెలియాలి.

ఒక సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు. ఆ సాయంత్రం తర్వాత ఆయన నన్ను మళ్ళీ 'టీచరు గారూ' అనలేదు. నువ్వు, అమ్మా. మిగతా అయిదుగురూ ఎప్పటిలా టీచరు గార్లే. దగ్గరితనం కొద్దీ అన్నారో, ఆ పిలుపు నా దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్నారో తెలియదు. మూడేళ్ళ క్రితం ముమ్మిడివరం పక్క ఊళ్ళో ఉద్యోగం వచ్చినప్పుడు ఫోను చేసేను. అప్పటికే ఆయన రిటైరయ్యారు. "సంతోషమమ్మా. మీ బళ్ళో డ్రాయింగుకి ఎవరున్నారు?" అన్నారు. ఎవరూ లేరండి, ఆ పీరియడు కూడా నాదే అన్నాను. "అయితే ఓసారి మీ పిల్లల బొమ్మలు పట్టుకుని రా. చూద్దాం," అన్నారు.

మూడేళ్ళు. ముమ్మిడివరం నుంచి రాజోల్లో వాళ్ళింటికి ఎంత దూరమని? దూరం కాదు. పట్టుకెళ్ళడానికి నా దగ్గర బొమ్మలు లేవు. లెక్కల్లో వెనకబడ్డారని, పరీక్షలున్నాయని, ఆ పీరియడు ప్రతి వారం నేనే తీసేసుకున్నాను. వరండాలో నిలబడడానికి కూడా ఎవరూ లేరు. వచ్చే నెల వేయిద్దాం, అప్పుడు వెళ్దాం అనుకుంటూ వచ్చేను. ఉత్త చేతులతో వెళ్ళలేను, మళ్ళీ ఎడం చేత్తో వెయ్యలేను.

ఆ మంగళవారం పర్మిషను పెట్టి, రెండు బస్సులు మారి వెళ్ళేసరికి అయిదయింది. అప్పటికే తీసుకెళ్ళిపోయారు. వాకిలి నీళ్ళు పోసి కడిగి ఉంది. దుర్గ వచ్చిందేమోనని చూసేను. లేదు. రాజమండ్రిలో నర్సింగు చదువుతోందని ఎవరో చెప్పేరు. మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేనెవరో ఆవిడకి తెలియదు.

"నువ్వూ టీచరువేనా అమ్మా?"

"ఆయ్, అవునండి."

"మీ పిల్లలు బొమ్మలు బాగా వేస్తారా?"

ఆవిడ ఏదో ఒకటి మాట్లాడాలని అడిగేరు. నేను తలవంచుకున్నాను. "నాకు తెలీదండి, అమ్మగారూ," అన్నాను. ఈసారి నిజమే చెప్పేను. నిజం చెప్పేక కూడా మనసు తేలికపడలేదు.

ఈ మంగళవారం మూడో పీరియడు మళ్ళీ వచ్చింది. పిల్లలు అలవాటుగా లెక్కల పుస్తకాలు తీసేరు. లోపల పెట్టేయమన్నాను. తెల్ల కాగితాలు పంచేను. "పొద్దున్న బడికొస్తా ఏం చూసేరు?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. "ఏం వెయ్యాలండి?" అన్నారు. నేను మాట్లాడలేదు. నా చేతులు సుద్దముక్క కోసం వెతుక్కుంటున్నాయి, వాటిని ఆపడం నా వల్ల కావడం లేదు. గడియారం చూసేను, రెండు నిమిషాలు కూడా కాలేదు.

కిటికీ పక్క పిల్ల కాగితం, పెన్సిలు పట్టుకుని లేచి, నన్ను అడక్కుండానే బయటికి వెళ్ళింది. వంటగది వెనక మునగాకు దూస్తున్న ఆయమ్మ ముందు గొంతుక్కూర్చుంది. దాని వెనక ఇంకో ఇద్దరు. తర్వాత గోలగా అందరూను. నేను గుమ్మంలోకి వచ్చి చూసేను. ఒకరు పంపు దగ్గర, ఒకరు గోడ మీద, నలుగురు గేటు ఊచల్లోంచి రోడ్డు వైపు, ఒకత్తి నేల మీద బోర్లా పడుకుని చీమల దగ్గర. ఎండలో ఎక్కడ చూసినా వీపులే. ఒక్కరు కూడా నా వైపు చూడడం లేదు.