కొండమ్మ వేసిన తాళం

తొమ్మిదేళ్లుగా నా గుండె మీద ఒక తాళంకప్ప వేలాడుతోంది. వేలెడంత తాళం. దాని బరువు మీకెలా చెప్పను? ఊళ్లో నేనున్న చోట నలుగురూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ నవ్వంతా దీన్ని కప్పెట్టడానికేనా అని ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది. నా పేరు మాత్రం అడక్కండి.

మాది అరకు పైన కొండల్లో ఒక ఊరు. జీపు ఆగిన చోటు నుంచి వాగు దాటి గంట ఎక్కాలి. అందుకే మా వైపు నెలలు నిండిన ఆడవాళ్లను ముందుగానే కిందికి తెచ్చి, ఆసుపత్రి పక్కనున్న గర్భిణుల వసతి గృహంలో ఉంచుతారు. మా వదిన బుద్రికి తొమ్మిదో నెలలో కాళ్లు బూరెల్లా పొంగాయి. బీపీ ఉందన్నారు, కాన్పయ్యేదాకా గేటు దాటకూడదన్నారు. అన్నయ్య తోడుగా నన్ను పంపాడు. అప్పుడు నాకు పదిహేడు. రోజూ గుడ్డు, పాలు, టీవీ. వదినకి ఇంటి బెంగ, నాకు రాజభోగం.

అక్కడ ఆయా కొండమ్మ. నన్ను సొంత కూతురిలా చూసుకునేది. బోరు దగ్గర నీళ్లకు వెళ్లాలంటే గేటు తాళంచెవి నా చేతికే ఇచ్చేది.

ఇంతలో చైత్రమాసపు ఇటుకల పండుగ వచ్చింది. మాకు అంతకంటే పెద్ద పండుగ లేదు. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లం ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరుసగా థింసా ఆడతాం. ఆ ఏడు వరుసలో మొదటి చోటు నాది. మొదటి చోటు! వదినను ఒక్కదాన్నే వదిలి వెళ్తే అన్నయ్య నా వీపు విమానం మోత మోగిస్తాడు. వెళ్లకపోతే నా ప్రాణం ఊరుకోదు. అందుకని వదినను కూడా లేవదీశాను. తలనొప్పిగా ఉందే, వద్దే అంది. ఊరిగాలి తగిలితే అదే పోతుందన్నాను. డాక్టరమ్మను మించిన డాక్టరమ్మని కదా! సాయంత్రానికల్లా వచ్చేద్దామని ఒట్టు కూడా వేశాను.

అన్నాలయ్యాక కొండమ్మ గేటుకు తాళం వేసి, చెవిని మేకుకు తగిలించి కునుకు తీసింది. నేను తాళం తీసి వదినను బయటకు పంపాను. చెవిని మళ్లీ మేకుకే తగిలించి నేనూ బయటపడ్డాను. తాళం నోరు తెరుచుకుని గేటుకు వేలాడుతూ ఉండిపోయింది.

జీపెక్కి, ఆగి ఆగి కొండెక్కి ఊరు చేరాం. నేను రెండు చుట్లు ఆడానో లేదో, అరుగు మీద కూర్చున్న వదిన కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయంది. ఆ మాట అంటూనే పడిపోయి కొట్టుకోసాగింది. గుర్రపు వాతం, బీపీ పెరిగి వచ్చే ఫిట్స్. డప్పులు ఆగిపోయాయి. వేటకు పోయిన మగవాళ్లు ఇంకా తిరిగి రాలేదు. ఇక చూస్తారేం, థింసా వరుసలో ఉన్న ఆడవాళ్లమే పండుగ చీరలు ఎగ్గట్టి డోలీ భుజాన వేసుకున్నాం. వాగు ఎలా దాటామో ఆ దేవతకే తెలియాలి. ఆసుపత్రిలో వదిన రెండు రోజులు కళ్లు తెరవలేదు. బతికింది. పాపా బతికింది. ఆ పాప ఇప్పుడు గడుగ్గాయి, థింసాలో నన్నే పక్కకు తోసి మొదట నిలబడుతుంది. వదినకైతే ఆ రోజు సంగతి ఒక్కటీ గుర్తులేదు.

అంటే తాళం తీసిందెవరో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసరు వచ్చి గేటు ఎలా తెరుచుకుందని అడిగినప్పుడు ఒక్క ముక్క అన్నాను.

"ఆయా తాళం వెయ్యడం మర్చిపోయిందండి."

కొండమ్మ నా పక్కనే ఉంది. నా ముఖంలోకి చూసింది, తర్వాత తన చేతులకేసి చూసుకుంది. "నానే మర్సిపోనానేమో బాబూ" అంది. నన్ను అనుమానించాలని కూడా ఆమెకు తోచలేదు. ఆమెను పనిలోంచి తీసేశారు.

చిన్నదాన్ని, భయపడ్డాను అని చెప్పుకోవచ్చు. కానీ రెండేళ్ల తర్వాత అదే ఆయా పని నాకు వచ్చినప్పుడు చిన్నదాన్నా? ఆ గుంటకివ్వండని నా గురించి నర్సమ్మతో చెప్పింది కూడా కొండమ్మేనట. సిగ్గులేకుండా తీసుకున్నాను.

అప్పటినుంచి ఆమె తన బుర్రను తాను నమ్మదు. ఇంటికి గొళ్లెం పెట్టి పదడుగులు వేసి వెనక్కి వస్తుంది. కొంగుకు ఎప్పుడూ నాలుగైదు ముడులు. మతిమరుపు కొండమ్మ అని ఊరంతా వేళాకోళం చేస్తే అందరికంటే ముందు తనే నవ్వుతుంది. ప్రతి సంతరోజూ వసతి గృహానికి నా దగ్గరికి వచ్చి టీ తాగుతుంది. వెళ్లేటప్పుడు గేటు తాళం రెండుసార్లు లాగి చూసి, నన్ను హెచ్చరిస్తుంది: "బాగా ఏసినావేటే గుంటా? నాలాగ మర్సిపోకు." నేను నవ్వేదాన్ని. ఎలా నవ్వగలిగానంటారు?

మొన్న సంతకు పనసతొనలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒకటి నోట్లో వేసుకున్నాను. అలాగే చెప్పేశాను.

"ఆ రోజు తాళం నువ్వు ఏసినావు పిన్నీ. తీసింది నేను."

కొంగు ముడులు తడుముకుంది. "ఏసినానా?" అంది.

"ఏసినావు."

"నిజింగా ఏసినానేటి?"

తలూపాను. తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. సగం తాగిన టీ గ్లాసు అరుగు మీద పెట్టి, బుట్ట నెత్తికెత్తుకుంది. వచ్చే సంతకు వస్తుందో రాదో నాకు తెలియదు. వెనకాలే వెళ్లి, ఆమె బయటికి వెళ్లాక గేటు మూసి తాళం వేశాను. ఎప్పటిలా ఆగి లాగి చూస్తుందని చువ్వల ఇవతలే నిలబడ్డాను.

కొండమ్మ తాళం ముట్టుకోలేదు. వెనక్కి తిరగకుండా నడిచి వెళ్లిపోయింది.