గడప దాటని అసీల్

పరుపులు కుట్టే పీర్ మహమ్మద్‌కు రెండే గర్వాలు, తన కుట్టు, తన కోళ్లు. కుట్టు సంగతి సికింద్రాబాద్ పాత బజారులో ఎవరైనా చెబుతారు. కోళ్ల సంగతి మాత్రం ఆయనే చెప్పాలి, అదీ ఎవరూ అడక్కుండానే. అసలైన అసీల్ జాతి. ఆయన తాత కుట్టిన పరుపులు మెచ్చి ఓ జాగీర్దారు ఇచ్చిన జంటకు పుట్టిన సంతానం. నిటారుగా లేచిన మెడ, పొడవాటి కాళ్లు, నెత్తికి అంటుకుపోయిన చిన్న తురాయి. ఏడాదికి నలభై గుడ్లు పెడితే గొప్పే గానీ, పిల్లలతో ఉన్న పెట్ట పిల్లిని సైతం తరిమికొడుతుంది.

ఇలాంటి కోడిని ఎవరైనా పాలుకు ఇస్తారు. పెట్ట మనది, పెంపకం వాళ్లది, పిల్లలు చెరిసగం. పీర్ మహమ్మద్ తండ్రి మాత్రం పోయేముందు కొడుకు చేత ఒట్టు వేయించుకున్నాడు, మన గుడ్డు గడప దాటకూడదని, బయటి పుంజు లోపలికి రాకూడదని. కొడుకు ముప్పై ఏళ్లు ఆ మాట మీదే ఉన్నాడు.

ఒట్టు సంగతి కోళ్లకేం తెలుసు? డాబా మీద ఒకే నెత్తురు తిరిగి తిరిగి, ముందు గుడ్లు మురిగిపోసాగాయి, తర్వాత పుట్టిన పిల్లల కాళ్లు వంకరపోయాయి. మొన్న ఎండాకాలం ఉన్న ఒక్క పుంజూ చచ్చింది. మిగిలింది ఒకే ఒక్క పెట్ట. పుంజును తెస్తే ఒట్టు పోతుంది, తేకపోతే వంశమే పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అన్నం మానేసి గూడు పక్కనే కూర్చున్నాడు. తండ్రి పోయిననాడు కూడా ఆయనకు ఇంత భయం వేయలేదు.

భార్య రహమత్‌బీ మూడు రోజులు చూసింది. నాలుగో రోజు పెట్టను బుట్టలో పెట్టి, ఆయన్ని ఆటో ఎక్కించి, సైనిక్‌పురిలో మేబెల్ టీచర్ ఇంటికి తీసుకెళ్లింది. పెరట్లో ఓ పుంజు నిలబడి ఉంది. ఆ మెడ, ఆ కాళ్లు ఎక్కడున్నా పీర్ మహమ్మద్ గుర్తుపడతాడు.

పన్నెండేళ్ల కిందట పరుపు కోసం వచ్చిన టీచర్‌కు రహమత్‌బీ చాటుగా ఆరు గుడ్లు ఇచ్చిందట. టీచర్ వాటికి వేరే అసీల్ నెత్తురు కలిపి మందను కాపాడుకుందట. పెట్టను తన దగ్గర పాలుకు వదిలితే పిల్లల్లో సగం మీవేనని ఇప్పుడు అంటోంది.

పీర్ మహమ్మద్ భార్య వైపు తిరిగాడు.

"నన్ను మోసం చేసినవ్."

"చేసిన," అంది రహమత్‌బీ. "మీ నాయిన మాట నువ్వు నిలవెట్టినవ్. మీ నాయిన కోళ్లను నేను నిలవెట్టిన. ఇప్పుడు చెప్పు, పెట్టను ఈడ ఇడుద్దమా, ఇంటికి తీస్కపోదమా?"

ఆయన కళ్లు తుడుచుకుని బుట్టను మెల్లగా భార్య ముందుకు జరిపాడు.

"మూత నువ్వే తియ్యి," అన్నాడు. "ఒట్టు వెట్టిన చెయ్యి నాది."