ఊ కొట్టిన పాట

“వింటన్నావా?” అన్నాడు మా ఆయన ఆస్పత్రి మంచం మీద.

“ఊ,” అన్నాను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. ఘాట్ రోడ్డులో తన లారీ ఆగిపోయిన కథ చెబుతున్నాడు. కథ ఎలుగుబంటి ఎదురయ్యే చోటి దాకా రానే లేదు.

నేను ఊ కొట్టకపోతే ఆయన కథ బ్రేకు వేసినట్టు ఆగేది. నా గొంతు చిన్నప్పటి నుంచీ బొంగురు. పాటకు పనికిరాదనేవారు. ఆయనకు మాత్రం ఆ బొంగురు ఊ వినపడితేనే కథ సాగేది.

అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మా అబ్బాయి ఇంటి బేస్‌మెంట్‌లో మనవరాలు పాటలు కడుతుంది. హిప్ హాప్ అంటారు, అందులోనూ వింత రకం. తాళం ఒకచోట నిలవదు, మధ్యలో వాషింగ్ మెషీన్ తిరిగే చప్పుడు వస్తుంది. నాకు ఇష్టం. నల్లవాళ్ళ పాట మనకెందుకని కోడలు సణిగేది. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది ఆవిడే. ఆ మాట కూడా రాయనా అత్తయ్యా అంటోంది. రాయమ్మా.

మనవరాలి స్నేహితురాలు డెట్రాయిట్ పిల్ల, నల్లమ్మాయి. ఇద్దరూ కలిసి స్టేజీ ఎక్కాలనుకున్నారు. తీరా పాట విన్నాక ఆ పిల్ల మొహం ముడుచుకుందట. నువ్వు పాడింది మా యాసలో, ఈ యాస వల్ల మావాళ్ళు బయట పడ్డ మాటలు నువ్వు పడలేదు, నీ గొంతుతో వస్తేనే నీతో పాడతాను అందట. మనవరాలు నా పక్కన చతికిలబడింది.

“ఆ యాస తీసేస్తే నాకేం లేదు నానమ్మా. నా వాయిస్ ఎక్కడుంది?”

తల నిమిరాను.

తర్వాత ఏం తోచిందో, తాత బాగున్న రోజుల్లో ఫోన్‌లో పట్టుకున్న ఆ లారీ కథతోనే కొత్త పాట కట్టి వినిపించింది. ఆయన గొంతు వినగానే ఫోన్ దగ్గరికి జరిగాను. కానీ ఏదో వెలితి. నా ఊలు ఒక్కటీ లేవు. నాయిస్ అనుకుని క్లీన్ చేశానంది.

“గోడకి చెప్తన్నట్టుందే మీ తాత. ఎదురుగా కూర్చుంది నేను కదా?”

మళ్ళీ ఊ కొట్టమని మైకు ముందు కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. పోయిన మనిషి చెబుతుంటే నోరు రాలేదు. ఎలుగుబంటి వచ్చేసింది. ఎప్పటిలాగే ఆయన ఆగి, నా కోసం చూశాడు. ఊ దానంతటదే వచ్చింది, చివర్న విరిగిపోతూ. మనవరాలు దాన్ని అలాగే ఉంచింది. ఆ ఊ తర్వాత తన మాటలు చెప్పుకుంది, నాతో పోట్లాడేటప్పుడు మాట్లాడే మామూలు గొంతుతో.

డెట్రాయిట్ పిల్ల వచ్చి వింది. నా ఊ దగ్గర నవ్వేసింది. చర్చిలో పాస్టర్ చెబుతుంటే వాళ్ళ అమ్మమ్మ కూడా ఇలాగే ఊ కొడుతుందట. కొట్టి చూపించింది, నోరు మూసుకుని, కడుపులోంచి. మరోసారి పెట్టమంది. ఈసారి తనూ అందుకుంది.

ఇద్దరూ స్టేజీ ఎక్కిన రోజు కోడలు కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. ఎలుగుబంటి దగ్గర ఆయన ఆగాడు. స్పీకర్లలో నా ఊ వచ్చేలోపే పక్క సీట్లోంచి ఇంకో ఊ వినపడింది. నాది కాదు.

ఇది రాయనంటోంది. రాయమ్మా, నీ మామగారు విని సంతోషిస్తాడు. రాశావా? అయితే మొదటి నుంచి చదువు. నేను ఊ కొడతాను.