గంజి పోసిన డ్రమ్ము

లాక్‌డౌన్‌లో సూరత్ మొత్తం నోరు మూసుకుంటే, మా పదడుగుల గదిలో మా అత్తమ్మ మాత్రం నోరు తెరిచింది. చిన్నపిల్ల చెవులు కుట్టించడానికని ఊరి నుంచి పది రోజుల కోసం వచ్చిన మనిషి, రైళ్లు ఆగిపోవడంతో మా దగ్గరే ఉండిపోయింది. నేను, మా ఆయన, ఇద్దరు ఆడపిల్లలు, ఆమె. పడుకున్నాక ఒకరు పక్కకు తిరగాలంటే మిగతా నలుగురూ ఒప్పుకోవాలి. అలాంటి గదిలో కూర్చుని ఆమె రోజూ ఒకటే పాట పాడేది. మూడో కాన్పు.

"సాంచలు బందున్నయి. వాడు ఇంట్లనే ఉన్నడు. ఇంకేం గావాలె? ఒక్క పిల్లగాడన్న లేకుంటె ఎట్ల?"

మరమగ్గాలను మేం సాంచలంటాం. పన్నెండు సాంచలను ఒక్కడే నడిపే మా ఆయన, తల్లి ముందు ఒక్క మాట నడపలేడు. నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. నాకు మూడో బిడ్డ వద్దు. రెండో కాన్పుకే చచ్చి బతికాను. ఆ మాట గట్టిగా చెప్పే ధైర్యం లేక, "చూద్దాం తియ్యి అత్తమ్మా" అని తప్పించుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే, దోమల డ్యూటీ మీద గల్లీలు తిరిగే మున్సిపాలిటీ ఆవిడ వచ్చి, డాబా మీదున్న మా వాడుకనీళ్ల డ్రమ్ములో ఐదు చిన్న చేపల్ని వదిలిపోయింది. దోమ పిల్లల్ని తింటాయట. పనిలేని మా ఆయనకు పని దొరికింది. పొద్దున లేస్తే డ్రమ్ము దగ్గరే. నెల తిరక్కుండానే చేపలు ఈనాయి. గుడ్లు కాదు, ఏకంగా పిల్లలే, వెంట్రుక ముక్కల్లాంటివి. మరి కొన్నాళ్లకు డ్రమ్ము నిండా తోకలే.

"చూసినవా, కరెంటు పోని సాంచల లెక్క నడుస్తున్నయి" అని ఆయన మురిసిపోయాడు.

అత్తమ్మ నావైపు చూసి, "నోరులేని జీవాలు నయం" అంది. కోడలికి చేపతో పోటీ పెట్టిన అత్త నాకొక్కదానికే దొరికి ఉంటుంది.

తర్వాత ఎందుకో పెరగడం ఆగిపోయింది. పిల్లలు పుడుతూనే ఉన్నాయి, మర్నాటికి కనిపించడం లేదు. మా పెద్దపిల్ల డ్రమ్ములోకి తల పెట్టి చూసి అసలు సంగతి చెప్పింది.

"డాడీ, మమ్మీ మచ్లీనే తింటుంది బచ్చాలను! జాగ లేదు గదా. ఖానా గూడ లేదు."

చోటు లేదన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. తిండి చాలకనే అని తల్లీకొడుకులు తేల్చేశారు. ఇద్దరూ నేతవాళ్లు. నేతవాళ్లకు బలమంటే గంజి.

"నూలు తెగకుండ ఉండాల్నంటె ఏం జేస్తం? గంజి పెడ్తం. డ్రమ్ముల గూడ పొయ్యి కొడుకా" అంది అత్తమ్మ.

నేను వద్దంటూనే ఉన్నాను. అన్నం వార్చిన చిక్కటి గంజి గిన్నెడు డ్రమ్ములో పడింది. మర్నాడు ఇంకో గిన్నెడు.

సూరత్ ఎండ తెలిసిందే. మూడో రోజు పొద్దున మెట్ల దాకా పులిసిన వాసన వచ్చింది. చేపలు తెల్లటి పొట్టలతో నీటిపైన తేలుతున్నాయి. బతికున్నవి మూతులు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. వాటిని మంచినీళ్ల బకెట్లోకి తీస్తే పదకొండు మిగిలాయి.

"బలమొస్తదంటివి గదనే అవ్వా" అన్నాడు మా ఆయన తల్లితో, బిక్కమొహం వేసుకుని.

నేను ఎత్తిపొడవడానికి నోరు తెరిచాను. ఇన్నాళ్లు దాచుకున్న మాట సిద్ధంగా ఉంది. కానీ అత్తమ్మను చూసి మింగేశాను. ఆమె చచ్చిన చేపపిల్లల్ని ఒక్కొక్కటే వేళ్లతో ఏరి కొంగులో వేసుకుంటోంది.

"ఎనమండ్ల గన్న బిడ్డా" అంది తలెత్తకుండా. "ముగ్గురు మిగిలిండ్రు. ఐదుగురికి పేరు గూడ పెట్టలే. కనుడే చూసినం గని, ఇంట్ల గింజలున్నయా అని ఎవ్వలు చూడలే."

పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఆ ఐదుగురి సంగతి నాకు తెలియదు. మా ఆయనకు తెలుసేమో, ఎన్నడూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమెను లోలోపల వెక్కిరించుకున్నందుకు సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం ఐదుగురం ఫ్యాను కింద నడుం వాల్చాం. తల్లిని ఓదార్చాలని కాబోలు, మా ఆయన నసిగాడు. "బాధపడకు అవ్వా. రేపు మాకో పిల్లగాడు పుడితె..."

కాన్పు సంగతిలో తల్లి ముందు ఆయన నడిపిన మొదటి మాట, అదీ ఇదా!

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. గది నాలుగు గోడలూ చూసింది.

"ముందుగాల డ్రమ్ము పెద్దగ చెయ్యి కొడుకా. అప్పటిదాంక నా కోడల్ని ఏమనకు."

ఆ మాట అని ఆమె పక్కకు తిరగబోయింది. అందరికంటే ముందు నేనే జరిగాను.