తంతి అదురు

మొన్న మా మనవడిని గుంటూరులో ఒక డాక్టరమ్మకు చూపించాం. వాడు కుర్చీలో కూర్చున్నది తక్కువ, కుర్చీ కింద దూరింది ఎక్కువ. ఏడీహెచ్‌డీ అంది ఆవిడ. నిలకడ ఉండదట, ధ్యాస ఒకచోట ఆగదట, ఎక్కువమందికి వంశంలోనే వస్తుందట. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగింది. నాకు నవ్వాగలేదు. మా కోడలు నా చెంగు పట్టి లాగింది కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే ఆవిడ సాయంత్రం దాకా మా నాయన కథ వినాల్సి వచ్చేది.

మా నాయన పేరు బుడాన్. దూదేకులవాళ్ళం. చిలకలూరిపేట పక్కన పల్లె మాది. పత్తితీతలు అయ్యాక నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, రైతుల ఇళ్ళలో దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. ఆయన కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాడు. ఇంట్లో కోళ్ళన్నీ ఆయన వెనకాలే. ఒకసారి కూర పొయ్యి మీద ఉండగా అమ్మ ఉప్పు తెమ్మని పంపింది. దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. దారిలో పేటకు పోయే లారీ కనిపిస్తే ఎక్కి, జిన్నింగు మిల్లులో కొత్తగా దింపిన మిషను చూసి వచ్చాడట. పత్తిలోంచి గింజ ఎలా విడిపోతుందో చేతులు తిప్పి తిప్పి చెప్పాడు. ఉప్పు మాత్రం తేలేదు. ఆ పూట చప్పిడి కూరే తిన్నాం.

అలాంటి మనిషి విల్లు ముందు కూర్చుంటే వేరే మనిషి. దూలానికి వేలాడదీసిన విల్లు తంతిని కొయ్యతో కొడితే టంగుమని మోగేది, దూది పొగలా లేచేది. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నం దాకా తల తిప్పేవాడు కాదు. మీసాల మీదా కనుబొమల మీదా దూదే. ఆ మోత వింటూ నిద్రపోయిన రోజులు ఎంత బాగుండేవో. ఇప్పుడు ఫోము పరుపులు వేశారు మావాళ్ళు, ఒక్కదానికీ ఎండలో ఆరిన దూది వాసన రాదు. సరే, దారి తప్పాను. ఇదీ నాయన పోలికే.

మా అక్క ఖుర్షిదా నాకంటే ముందు పుట్టింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పరుగెత్తేది, కళ్ళు మండి ఊరు అదిరిపోయేలా ఏడ్చేది, మొహం కడిగి వదిలితే మళ్ళీ అక్కడికే పోయేది. బడిలో ఇమ్మానియేలు పంతులు గారు పలక తీయమనే లోపల కిటికీ దూకేది. పలక ఎక్కడ పారేసిందో దానికే తెలిసేది కాదు.

నాయనమ్మ జాన్‌బీ దీనికంతటికీ కారణం తేల్చేసింది. మా ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. కడుపుతో ఉన్న ఆడది మోగే విల్లు పక్కన కూర్చుంటే, తంతి అదురు లోపలి బిడ్డకు పడుతుందట, ఆ బిడ్డ ఇక జన్మలో కుదురుగా ఉండదట. అక్క కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ కరీమున్ నెలలు నిండేదాకా నాయన పక్కనే కూర్చుని దూది విడదీసింది. ఆ మోతంటే ఆమెకు ప్రాణం. ఒక గది ఇంట్లో కొత్తగా పెళ్ళయిన ఇద్దరికి పక్కపక్కన కూర్చోవడానికి వేరే చోటు మాత్రం ఎక్కడుంది? అక్క ఏం పగలగొట్టినా తిట్లు అమ్మకే పడేవి. నాయన ఒక్క మాట అడ్డం చెప్పేవాడు కాదు. వాళ్ళమ్మ గొంతు లేస్తే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు వీధిలోకి పోయేవాడు. ఆ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

నేను కడుపున పడ్డానని తెలిసిన రోజే నాయనమ్మ అమ్మను దర్శిలో పుట్టింటికి పంపేసింది. అక్కను తన దగ్గరే ఉంచుకుంది.

"ఇదీ అట్లాంటిదే పుట్టిందంటే ఇంక అక్కడే ఉండిపో. నా కొడుక్కి వేరే సంబంధం చూసుకుంటా" అంది.

దర్శిలో మా తాతది మిరప సేద్యం. కూతురి కాపురం నిలవాలని, దూది ఏకేవాళ్ళు ఊళ్ళోకి వస్తే ఎదురెళ్ళి దణ్ణం పెట్టి పొలిమేరలోంచే వెనక్కి పంపేవాడట. అంత జాగ్రత్తగా పుట్టించిన పిల్లను నేను. నడక రాగానే మొదలుపెట్టాను. పశువుల తొట్టిలో పడ్డాను, బండి చక్రం ఎక్కాను, మిరపకోతకు వచ్చిన వాళ్ళ అన్నం మూటలన్నీ విప్పేశాను. నన్ను చూస్తే నాయనమ్మ అన్నంత పనీ చేస్తుందని అమ్మ భయపడింది. కోతలని ఒక ఏడు, తాతకు బాగాలేదని ఒక ఏడు, ఏదో ఒక వంక చెప్పి అక్కడే ఉండిపోయింది. పెద్ద కూతురి కోసం కుళ్ళి కుళ్ళి ఏడ్చేది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మోకాలి కింద నా కాలు నొక్కిపెట్టి, కదలకుండా ఉండటం నేర్పేది. అది నేర్పితే వచ్చే చదువా?

చివరికి నాయనే వచ్చి మమ్మల్ని బయలుదేరదీశాడు. అమ్మ బస్సులో దారి పొడుగునా కుదురుగా ఉండమని నన్ను బతిమాలుకుంటూనే ఉంది.

ఇంటికి వచ్చిన మర్నాడు నాయన వసారాలో సుబ్బరావమ్మ గారింటి పెళ్ళి పరుపులకు దూది ఏకుతున్నాడు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని దిండు గలీబులు కుడుతోంది. అమ్మ విల్లుకు దూరంగా, అరుగు చివర, నా కాలు మోకాలి కింద పెట్టుకుని కూర్చుంది. దూది కొండలా పెరుగుతోంది. ఎవరు ఆగగలరు చెప్పండి? కాలు లాక్కున్నాను, అరుగు మీంచి దూదిలోకి దూకాను. పోతూ పోతూ మంచినీళ్ళ కడవను కూడా తన్నాను. ఏకిన దూదంతా తడిసి ముద్దయింది.

విల్లు ఆగింది. నేను దూదిలోంచి లేచి, ఒక కాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క రుద్దుకుంటూ, జుట్టు వేలికి చుట్టుకుంటున్నానట. నాయనమ్మ చేతిలో సూది అలాగే ఉంది.

"దర్శిలో ఎవరైనా విల్లు మోగించారటే?" అని అడిగింది.

"లేదత్తా. మా నాయన వాళ్ళను ఊళ్ళోకే రానీలేదు."

నాయనమ్మ నా ఒంటికాలి వంకా, జుట్టు చుట్టుకుంటున్న వేలి వంకా చూసింది. ఆ తర్వాత అన్న మాటలు అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. అచ్చం ఆయనేనంది. ఆయనంటే మా నాయన తండ్రి అల్లాబక్షు. నేను పుట్టకముందే పోయాడు. బండి తోలేవాడు, ఒక ఊరికని బయలుదేరి ఇంకో ఊళ్ళో తేలేవాడట. ఏం తోచకపోతే అలాగే ఒంటికాలి మీద నిలబడి జుట్టు మెలేసేవాడట.

"ఆయన పుట్టినప్పుడు ఆ ఇంట్లో విల్లే లేదే. విల్లు నా పెళ్ళికి మా నాయన ఇచ్చింది" అంది నాయనమ్మ.

అని ఏడ్చింది. నాయన చిన్నతనంలో చేసిన ఆగడాలకు ఆమెను కూడా వాళ్ళత్త ఇదే మాట అందట. విల్లు తెచ్చి వంశానికి అదురు పట్టించావని. అది నిజమేననుకుని, పాపం, అన్నేళ్ళూ తన కడుపునే తిట్టుకుందట. తర్వాత అదే తిట్టు తెచ్చి మా అమ్మకిచ్చింది.

"నీ తప్పు కాదు కరీమూ. నాదీ కాదు. ఆ నెత్తురే అంత."

తడిసిన దూది ఎండకు వేశారు. ఆరాక నాయన మళ్ళీ విల్లు అందుకున్నాడు. అమ్మ అరుగు చివరే కూర్చుని ఉంటే నాయనమ్మ కసిరింది.

"అక్కడేం చేస్తావే? పోయి వాడి పక్కన కూర్చో."

అమ్మ వెళ్ళి నాయన పక్కన కూర్చుంది. తంతి మోగింది. అమ్మ కళ్ళు మూసుకుంది. నేనూ వెళ్ళి ఆమె ఒళ్ళో కూర్చున్నాను. ఆ రోజు ఆమె నా కాలు నొక్కిపెట్టలేదు. రెండు దెబ్బలు విని వీధిలోకి పరుగెత్తాను.