కడిగిన కొళాయి

ఏక్‌బాల్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్ల మధ్య ఉన్నది ఒక్కటే కొళాయి. పైడమ్మ బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేసిందో లేదో, వెనక ఆడవాళ్లు ఆ కొళాయిని పసుపునీళ్లతో కడిగేవారు. ఆవిడకు వినిపించాలనే కాస్త గట్టిగా కడిగేవారు. సత్సంగం నియమం అది. విడిచిపోయినవాళ్లు ముట్టింది కడగాలి, వాళ్ల చేతి నీళ్లు తాగకూడదు. తాగితే నెత్తురు కక్కుకుంటారని సత్సంగం నడిపే పెద్దయ్య చెప్పాడు. ఆయన చెప్పనిదంటూ ఏముంది లెండి! ఎవరు ఏ బట్ట కట్టాలో, ఎవరి పిల్ల ఎప్పుడు బడి మానాలో, అన్నీ ఆయనే చెప్పాలి.

పదకొండేళ్లు పైడమ్మ ఆ మాటలే నమ్మింది. మొగుడు పోయి, అతని ఉద్యోగం తనకొచ్చి, పొద్దున్నే చీపురు పట్టుకుని వీధుల్లోకి వెళ్తుంటే, మూడేళ్ల పిల్లను చూసుకున్నది సత్సంగం వాళ్లే. ఆ మేలు అబద్ధం కాదు. కానీ మొన్న వేసవి సెలవులకు, పద్నాలుగేళ్ల రమాకుమారిని ఇక బడికి పంపొద్దని, సత్సంగం వాళ్ల షాలిమార్ మఠంలో సేవకు వదలమని కబురొచ్చింది. అలా వెళ్లిన పిల్లలు పండక్కైనా ఇల్లు చేరడం పైడమ్మ చూడలేదు. పంపనంది. ఆ ఒక్క మాటకే వెలివేశారు.

వెలి సంగతి సరే, భరించేది. పిల్లతోనే వచ్చింది చిక్కంతా. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ భయాల మధ్యే పెరిగిందాయె. తల్లి వండింది ముట్టదు, తల్లి పోసింది తాగదు. పక్కింట్లో తిని వచ్చి, గోడవైపు తిరిగి పడుకునేది. అంతలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మంచం దిగలేకపోయింది. పక్కింటివాళ్లు గడప దాటి లోపలికి రారు.

"మఠానికి తీసుకెళ్లు. అక్కడ నీళ్లిస్తారు" అంది పక్కింటావిడ, వాకిట్లోంచే.

పైడమ్మ గ్లాసు పట్టుకుంటే పిల్ల పెదవులు బిగించింది. ఆస్పత్రికి పోదామంటే మంచం కోడు పట్టుకుని వదల్లేదు. నాలుక పిడచకట్టింది, కళ్లు లోతుకు పోయాయి. కన్నతల్లి చేతిలో నీళ్లున్నాయి, పిల్ల ఎండిపోతోంది. ఇంతకంటే ఘోరం ఉంటుందా? మధ్యాహ్నానికి పైడమ్మ గుండె జారిపోయింది. ఎక్కడున్నా బతికుంటే చాలు, మఠానికే అప్పగిస్తాననుకుంది. ఆటో కోసం పరిగెత్తింది.

రెండు సందులు దాటాక కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. అది పుష్పరాణి గుమ్మం. నాలుగేళ్ల కింద సత్సంగం విడిచిన మనిషి. మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది.

"నువ్వు ముట్టిన కొళాయి నేను కడిగినాను, పుష్పా" అంది పైడమ్మ.

"తెలుసప్పా. రెండుసార్లు కడిగినావు. ఏటైనాది, సెప్పు."

చెప్పింది. పుష్పరాణి మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి, వీధి చివర ఆటోను కేకేసి తెచ్చి పైడమ్మ గుమ్మంలో ఆపించింది. లోపలికొచ్చి మంచం పక్కన కూలబడింది.

"అప్పా, నాకు దాహంగా ఉంది. నీ సేత్తో పొయ్యి."

పైడమ్మ గ్లాసు నిండా పోసి ఇచ్చింది. పుష్పరాణి గటగటా తాగేసింది. రమాకుమారి ఆ మొహంకేసే చూస్తూ ఉండిపోయింది. నెత్తురు ఇప్పుడొస్తుందా, కాసేపాగి వస్తుందా అని కాబోలు.

"పిన్నీ, నీకేటీ అవదా?"

"నాలుగేళ్ల బట్టి నా సేతి నీళ్లే తాగుతున్నానే గుంటా. ఏటైనాది? ఈ ఎండకి కాస్త నల్లబడ్డాను, అంతే."

పిల్ల నవ్వలేదు. చాలాసేపటికి నోరు తెరిచింది. పైడమ్మ చెంచాతో పోసింది. మొదటి గుక్క మింగడానికి ఆ పిల్ల పడ్డ భయం చూడలేక తల తిప్పుకుంది. రెండో చెంచా, మూడో చెంచా పోసింది. పుష్పరాణి పిల్లను లేవదీసి భుజానికి ఆనించుకుంది. ఆటో ఎక్కించబోతుంటే రమాకుమారి కొళాయివైపు చూసింది. అక్కడ ఆడవాళ్లు అప్పుడే పసుపు కలుపుతున్నారు.

"అమ్మా, రేపట్నుంచి నాను ముట్టినా కడుగుతారా?"

పైడమ్మకు అబద్ధమాడబుద్ధి కాలేదు. "కడుగుతారమ్మా" అంది.

పిల్ల తల్లి చేతిలో ఇంకా ఉన్న గ్లాసుకేసి చూసింది.

"అయితే ఇంకాసిన్ని పొయ్యి" అంది.