చిటికెడు చింతపండు

మా కొట్లో పెద్ద గుమాస్తాను నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. అడవి అంచునున్న మా కొంటా ఊళ్లో ఎవరు చింతపండు తెచ్చినా చిటికెడు తీసి, రెండు వేళ్ల మధ్య సాగదీసేవాడు. జిగురు తెగితే వద్దనేవాడు.

“సరుకు ఎక్కువైతే బరువే, చిన్నసేటూ! దేశమంతా కాస్తే ధర పడ్తది. మన పైసలు గోదాంల పండుకుంటయ్,” అని నాకు పాఠం చెప్పింది ఆయనే.

ఒక ఏడు అడవంతా చింత విరగకాసి ధర పడిపోయింది.

“అంతా కొందాం సేటూ. జగదల్‌పూర్ కోల్డ్ స్టోరేజీల మనకు జాగా ఖాయం చేసిన. వానలల్ల అమ్ముదాం,” అన్నాడు బాబాయ్ నాన్నగారితో. ఆ మాట నమ్మి నాన్నగారు ఇల్లు తాకట్టు పెట్టి కొన్నారు.

తీరా నాన్నగారూ నేనూ లారీలతో వెళ్తే ఆ జాగా బాబాయ్ పేరునే ఉంది. ఆయన సొంత బస్తాలు దిగుతున్నాయి.

“ఏంది బాబాయ్ ఇది?” అన్నాను.

ఆయన మా బస్తాలోంచి చిటికెడు తీసి సాగదీశాడు. జిగురు తెగలేదు.

“మంచి సరుకు. నల్లబడకముందే అమ్ముకోండ్రి. సగం ధరకైతే నేనే తీసుకుంట.”

నాన్నగారు లారీలు వెనక్కి తిప్పించారు. పండు మా గోదాములోనే నల్లబడింది. ఇల్లు పోయింది.

ఇప్పుడు పావుకిలో కొన్నా, నా వేళ్లు ముందు చిటికెడు తీసి సాగదీస్తాయి.